కీమో తర్వాత నోరు పొక్కితే: మందు నీళ్ళు పుక్కిలించే పద్ధతి

క్యాన్సర్‌కి కీమో ఎక్కించాక వారం పది రోజుల్లో నోరు పొక్కితే అది వేడి చేసి వచ్చింది కాదండి, బి కాంప్లెక్స్ బిళ్ళలకు పోయేదీ కాదు. వేగంగా పెరిగే కణాల్ని చంపే మందు కదా, నోటి లోపలి పొర కూడా అలా పెరిగేదే, దాన్నీ వదలదు. పచ్చికొబ్బరి నమిలితే తగ్గుతుందని మన కోనసీమలో అందరూ చెబుతారు గానీ ఈసారికి వినకండి, ఆ పిప్పి పుండుకి గీసుకుంటే చుక్కలు కనిపిస్తాయి.

ముందు నోరు శుభ్రంగా ఉండాలి. లీటరు నీళ్ళు మరగబెట్టి చల్లార్చి (వేసవిలో కాలువలు కట్టేసి చెరువు నీళ్ళే గతి అయిన ఊళ్ళలో ఇది అస్సలు మానకూడదు) చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలపండి. తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందు పుక్కిలించి ఉమ్మేయాలి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే.

ఇక మందు. నొప్పికి డాక్టర్లు ఎక్కువగా బెంజిడమైన్ అనే పుక్కిలించే మందు రాసిస్తారు. మామూలుగా 15 ఎం.ఎల్. కొలిచి నోట్లో పోసుకుని అర నిమిషం అటూ ఇటూ తిప్పి ఉమ్మేయాలి, మింగకూడదు. బాగా మండితే మందు ఎంతో నీళ్ళూ అంతే కలుపుకోవచ్చు. చాలామంది మందు చేదు పోవాలని వెంటనే మంచినీళ్ళతో కడిగేస్తారు, అలా చేస్తే మందు పుండు మీద నిలవదు, కాసేపు ఏమీ తాగకుండా ఉండండి.

లిగ్నోకైన్ కలిసిన మందైతే నోరు మొద్దుబారుతుంది, ఆ మొద్దు వదిలేదాకా, అంటే గంటసేపు, తినకండి, నాలుక కొరుక్కుంటారు, పొలమారుతుంది కూడా. తినే ముందే వాడమని డాక్టరు చెబితే మాత్రం వేడి లేనిది, మెత్తనిది, చిన్న ముద్దలుగా. నోట్లో తెల్లటి పాచిలా కడితే ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు, చూపించాల్సిందే. మెడికల్ షాపులో రంగురంగుల మౌత్‌వాష్ ఇస్తే సీసా మీద చదవండి, ఆల్కహాల్ ఉంటే వద్దు.

ఆవకాయ, గోంగూర, పులుసులు కొన్నాళ్ళు పక్కన పెట్టాలి. చుట్ట, కిళ్ళీ సంగతి చెప్పక్కర్లేదు. పలచటి రాగి జావ, మెత్తగా ఉడికించిన పప్పన్నం చల్లారాక పెట్టండి. కట్టుడు పళ్ళుంటే తినేటప్పుడే పెట్టుకోవాలి. మామూలుగా రెండు మూడు వారాల్లో మానిపోతుంది.

మంచినీళ్ళు కూడా దిగకపోయినా, నోట్లోంచి రక్తం వస్తున్నా, జ్వరం 100.4 డిగ్రీలు తగిలినా తెల్లారాక చూద్దాం అనుకోకండి. లంకల్లో ఉండేవాళ్ళు రాత్రిపూట రేవు దాటడానికి ఎవర్ని పిలవాలో ముందే అనుకుని పెట్టుకోండి.