గోపాల్‌పూర్ బీచ్‌కు బతుకుతెరువుకు వస్తున్న మనవాళ్లకు

ఇచ్ఛాపురంలో రైలు కదిలాక అరగంట తిరక్కుండానే ఒడిశాలోని బరంపురం వచ్చేస్తుంది. అక్కడి నుంచి బస్సులోనో ఆటోలోనో 16 కిలోమీటర్లు వెళితే గోపాల్‌పూర్ బీచ్. సోంపేట, కంచిలి, మందస వైపు నుంచి టిఫిన్ బండి పెట్టుకుందామనో, లాడ్జీలో పని దొరుకుతుందనో వచ్చే మనవాళ్లు ప్రతి ఏడూ కనిపిస్తూనే ఉంటారు. 11 ఏళ్ల కిందట మేమూ అలాగే వచ్చాం. బీచ్ రోడ్డులో మాకు చిన్న టిఫిన్ కొట్టు ఉంది. కొత్తవాళ్లు సామాను దించీ దించకముందే మా దగ్గరికి వచ్చి అద్దె ఎంత, సీజన్ ఎప్పుడు, మంచినీళ్లు ఎక్కడ అని అడుగుతారు. ఊళ్లో ఏదైనా దారుణం జరిగితే మన పొయ్యి సంగతేమిటి అని మాత్రం ఎవరూ అడగరు. మేమూ అడగలేదు. 2025 జూన్‌లో తెలిసొచ్చింది. అందుకే మిగతా విషయాల కన్నా ముందు అదే చెబుతాను.

భాష గురించి పెద్దగా బెంగ పెట్టుకోకండి. 1936 దాకా ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రాష్ట్రపతిగా చేసిన మన వి.వి.గిరి గారు పుట్టింది బరంపురంలోనే. ఊళ్లో పట్టు నేసే దేవాంగుల ఇళ్లల్లో, గోపాల్‌పూర్‌లో వేటకు వెళ్లే మత్స్యకారుల ఇళ్లల్లో తెలుగు వినబడుతుంది. వేటకు వెళ్లేవాళ్లను ఇక్కడ నోలియాలంటారు. మాటకు లోటు ఉండదు. కాగితం దగ్గరికి వచ్చేసరికి అంతా ఒడియా.

ఇక ఇక్కడ డబ్బు ఎలా తిరుగుతుందో చూడండి. దసరా సెలవులకు బెంగాలీ కుటుంబాలు రావడంతో సీజన్ మొదలవుతుంది, జనవరి దాకా నడుస్తుంది. ఆ తరువాత రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో కొందరు, రంభ దగ్గర చిలికా చూసుకుని ఇటు తిరిగేవాళ్లు కొందరు వస్తారు. మిగతా ఏడాదంతా ఆదివారం సాయంత్రం బరంపురం నుంచి వచ్చే కాలేజీ పిల్లలు, చిన్న కుటుంబాలే మనకు దిక్కు. ఒక కుటుంబం ఒక్క రాత్రి ఇక్కడ ఉందంటే ఆటో అతనికి, గది ఇచ్చినవాళ్లకి, దుప్పట్లు ఉతికే ఆవిడకి, టీ కొట్టుకి, మా ఇడ్లీకి, కొబ్బరిబోండాల బండికి, గుర్రం తిప్పే కుర్రాడికి, గవ్వల దండలు అమ్మే ముసలమ్మకి, చేపల వేపుడు బండికి తలా కాస్త ముడుతుంది. ఆ కుటుంబం రాలేదంటే వీళ్లందరి చేతులూ ఒకేసారి ఖాళీ. పెద్ద రిసార్టుకు బుకింగ్ రద్దయితే అది వాళ్ల నెల లెక్కలో ఒక గీత. దుప్పట్లు ఉతికే ఆవిడకు మాత్రం ఆ రోజు కూలి లేనట్టే.

రజ పండుగ ఒడియావాళ్లకు ఆడపిల్లల పండుగ. మూడు రోజుల పాటు పిల్లలకు ఇంటి పని చెప్పరు. కొత్త బట్టలు, చెట్లకు ఊయలలు, పోడొ పిఠా అనే పిండివంట. 2025లో ఆ పండుగ రోజుల్లోనే, జూన్ 15 ఆదివారం నాడు, స్నేహితుడితో బీచ్‌కు వచ్చిన 20 ఏళ్ల కాలేజీ అమ్మాయి మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ అబ్బాయిని కట్టేసి మరీ ఆ ఘాతుకానికి ఒడిగట్టారు. పోలీసులు పదిమందిని పట్టుకున్నారు, అందులో నలుగురు మైనర్లు. ఏ చానల్ పెట్టినా మా బీచ్ పేరే.

ఆ బిడ్డకు జరిగినదాని ముందు మా బేరాల నష్టం ఒక నష్టమే కాదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆ వారం మా వీధిలో ఎక్కువ వినబడింది "మన వ్యాపారం పోయింది" అన్న మాటే. అది వింటూ నేను కూడా ఊరుకున్నాను.

వ్యాపారం పోయిన మాట నిజమే. అంతకు ముందు ఆదివారానికి 4 కిలోల మినప్పప్పు నానబోశాను. తరువాతి ఆదివారానికి ఒక్క కిలో నానబోస్తే, ఆ పిండి కూడా సగం మిగిలిపోయింది. పులిసిన పిండితో అట్లు వేసి ఇరుగుపొరుగుకు పంచాను. గుర్రం తిప్పే కుర్రాడు సాయంత్రం దాకా ఒక్క పిల్లాణ్ణి కూడా ఎక్కించలేదు. దాణా కొనాలని మా ఆయన దగ్గర రెండొందలు తీసుకున్నాడు. గుంపులుగా వచ్చి సెల్ఫీలు దిగే అమ్మాయిలు ఒక్కరూ లేరు. అయిదింటికే బీచ్ బోసిపోయేది.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. బీచ్‌కు జనమే కాపలా. కుటుంబాలు రావడం మానేస్తే బండ్లవాళ్లు పెందలాడే కట్టేస్తారు. బండ్లు కట్టేస్తే దీపాలు ఆరిపోతాయి. దీపాలు లేనిచోటికి తాగుబోతులు చేరతారు. దాంతో ధైర్యం చేసి వచ్చిన ఒకటీ అరా కుటుంబం కూడా వెనక్కి తిరుగుతుంది. ఒక నేరం ఇంకో నేరానికి చోటు చేసి పెడుతుంది. ఈ వరుస ఎక్కడో ఒకచోట తెగాలి, తెంచగలిగేది సాయంత్రాలు అక్కడే ఉండే మనమే.

మా సోంపేట వైపు 2018లో తిత్లీ తుఫాను కొబ్బరి తోటలను ఎలా నేలకూల్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అంతకు ముందు 2013లో ఫైలిన్ ఈ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తుఫాను తరువాత కరెంటు స్తంభం నిలబెడితే, రేకులు మళ్లీ వేసుకుంటే ఊరు బాగుపడిందని కంటికి కనబడుతుంది. టూరిస్టు వస్తాడు. ఆడపిల్లల తల్లిదండ్రులకు పుట్టిన భయం పోయిందని చెప్పడానికి అలా చూపించే రేకు ఏదీ ఉండదు. నెలల తరబడి ఏ గొడవా లేకుండా గడిచిపోతేనే అది మెల్లగా తగ్గుతుంది.

తగ్గుతోంది అనుకునేలోపు 2025లోనే అక్టోబరు 6 రాత్రి బరంపురంలో ఒక సీనియర్ న్యాయవాదిని ఇంటి దగ్గరే కాల్చి చంపారు. దసరా అయి నాలుగు రోజులే, సీజన్ మొదలవుతున్న వారం. అది టూరిస్టుల జోలికొచ్చిన నేరం కాదు, బీచ్‌లో జరిగిందీ కాదు. కానీ కోల్‌కతాలో కూర్చుని టిక్కెట్లు చూసుకుంటున్న మనిషికి ఆ 16 కిలోమీటర్లు ఎలా కనబడతాయి? వార్తలో ఊరి పేరొక్కటే కనబడుతుంది. మా పక్క లాడ్జీ కౌంటర్లో ఆ వారం మోగిన ఫోన్లలో గది ధర అడిగినవాళ్ల కన్నా "పరిస్థితి ఎలా ఉంది, రావచ్చా" అని అడిగినవాళ్లే ఎక్కువని అక్కడి కుర్రాడు చెప్పాడు.

ఇది మన ఒక్క ఊరి సంగతీ కాదు. మెక్సికోలో అకాపుల్కో అని సముద్రతీర నగరం ఉంది. 1950ల్లో హాలీవుడ్ తారలు సెలవులకు అక్కడికి వెళ్లేవారు. మత్తుమందుల ముఠాల కాల్పులు వీధుల్లోకి వచ్చాక విదేశాల నుంచి వచ్చే టూరిస్టు ఓడలు బాగా తగ్గిపోయాయి. ఆ రాష్ట్రానికి వెళ్లొద్దని అమెరికా ప్రభుత్వం తన పౌరులను హెచ్చరిస్తూ వచ్చింది. హోటల్ పనులు పోతే కుర్రాళ్లు ముఠాలకు సులువుగా దొరుకుతారు. గోపాల్‌పూర్‌కు, దానికీ పోలిక పెట్టడం లేదు. సముద్రం ఎంత అందంగా ఉన్నా జనానికి నమ్మకం పోతే రారు, అంతవరకే చెప్పడం.

కొత్తవాళ్లకు ఇక్కడ మొదట దొరికే సలహా ఒకటి ఉంటుంది: "ఏం చూసినా చూడనట్టు ఉండు, ఊరి పేరు పాడవుతుంది." దయచేసి ఆ మాట వినకండి. నేను ఒకసారి విన్నాను. మేము వచ్చిన మూడో ఏడు అనుకుంటా, ఒక సాయంత్రం చీకటి పడే వేళ ఒక అమ్మాయి ఏడుస్తూ మా కొట్టు దగ్గరికి వచ్చి నీళ్లు అడిగింది. కుర్రాళ్లు వెంటపడ్డారట, చున్నీ లాగారట. పక్క కొట్లవాళ్లు వచ్చి "పోలీసుల దాకా ఎందుకమ్మా, ఆటో ఎక్కి ఇంటికెళ్లిపో" అన్నారు. నేనూ ఆటో పిలిచాను, అంతే. ఆ కుర్రాళ్లు మరుసటి ఆదివారం మళ్లీ అక్కడే కూర్చున్నారు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. చున్నీ లాగిన రోజు ఎవరూ నోరెత్తకపోతే వాళ్లకు దొరికే ధైర్యం ఏమిటో అన్న ఆలోచన 2025 జూన్ తరువాత నాకు నిద్రపట్టనివ్వలేదు.

కాబట్టి ఊళ్లో దిగిన వారంలోనే థానా ఎక్కడుందో చూసుకోండి. ఇక్కడ పోలీస్ స్టేషన్‌ను థానా అనే అంటారు. గోపాల్‌పూర్ థానా బరంపురం ఎస్పీ కిందికి వస్తుంది. ఛత్రపురం వైపు గంజాం ఎస్పీ పరిధి, అది వేరు. కానీ పరిధి కాదని మిమ్మల్ని ఎవరూ తిప్పి పంపకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం పెద్ద నేరమైతే ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకుని తీరాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. నోటితో చెప్పినా వాళ్లు రాసుకుని మీకు చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఒడియాలో రాసిన కాగితం మీద అర్థం కాకుండా సంతకం పెట్టకండి. "మొతె ఒడియా ఆసెని" అంటే నాకు ఒడియా రాదని. ఆ ఒక్క ముక్క నేర్చుకుని వెళ్లండి, రెండు భాషలూ వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి. మా వీధిలో అలాంటివాళ్లకు కొదవ లేదు, పిలిస్తే వస్తారు.

అప్పటికప్పుడు సాయం కావాలంటే 112. ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098. అత్యాచారానికి గురైన మనిషిని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లినా, ప్రైవేటుదైనా సరే, డబ్బు అడగకుండా వెంటనే వైద్యం చేయాలని చట్టం. బరంపురంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఎంకేసీజీ. ఇంకో ముఖ్యమైన సంగతి: బాధితురాలి పేరు, ఫొటో, ఊరు, ఆమెను గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదు, అది నేరం. వాట్సాప్‌లో వచ్చిందని ఇంకొకరికి పంపినా తప్పించుకోలేరు. జూన్‌లో మా గ్రూపుల్లో అలాంటి ఫొటోలు తిరుగుతుంటే కడుపు తరుక్కుపోయింది. మీ ఫోన్‌కు వస్తే అక్కడే తీసేయండి.

పెద్ద నేరం జరిగాక అనుమానం ముందుగా పడేది బయటి నుంచి వచ్చినవాళ్ల మీద. మీ తప్పేమీ లేకపోయినా "ఈ తెలుగోళ్లు ఎప్పుడొచ్చారు, ఎక్కడుంటున్నారు" అని అడుగుతారు. ఒంటరిగా గది తీసుకున్న కుర్రాళ్లకు ఈ టెన్షన్ మరీ ఎక్కువ. చేరిన రోజే ఇంటి యజమానితో అద్దె కాగితం రాయించుకోండి, ఆధార్ జిరాక్సు ఇచ్చి థానాలో వివరాలు నమోదు చేయించండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి. లాడ్జీలో పనికి చేరితే రిజిస్టర్‌లో పేర్లు, గుర్తింపు కార్డులు సరిగా రాయండి. "పర్లేదు, రాయక్కర్లేదు" అని యజమానే చెప్పినా రాయండి. రేపు కేసు నడిచేది ఆ పుస్తకం మీదే, అడిగేది కౌంటర్లో కూర్చున్న మిమ్మల్నే.

ఆదాయం మొత్తం టూరిస్టు మీదే పెట్టుకోకండి. జూన్ దెబ్బ తరువాత మేము బరంపురంలో రెండు హాస్టళ్లకు పొద్దుటి టిఫిన్ కట్టి పంపడం మొదలుపెట్టాం. లాభం తక్కువే కానీ బీచ్ ఖాళీగా ఉన్న నెలలోనూ పొయ్యి వెలుగుతోంది. రెండు నెలల అద్దె విడిగా దాచండి. సీజన్లో చేతినిండా డబ్బు చూసి వడ్డీకి తెచ్చి ఫ్రిజ్జులు, బండ్లు కొన్న మనవాళ్లు ఆ వర్షాకాలం గడవక అమ్ముకుని వెళ్లిపోవడం నా కళ్లతో చూశాను.

టూరిస్టు "ఇక్కడ సేఫేనా" అని అడిగితే "ఏం కాదు, మీకేం భయం లేదు" అని మాత్రం చెప్పకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లైట్‌హౌస్ వైపు, బండ్లు ఉన్నచోట జనం ఉంటారు. చీకటి పడ్డాక సరుగుడు తోటల వైపు, ఖాళీ ఇసుక వైపు వెళ్లొద్దు. ఏదైనా అయితే ఈ కొట్టుకు రండి. ఇలా చెప్పిన కొట్టుకే జనం మళ్లీ వస్తారని నా అనుభవం. "ఆడపిల్లకు సాయంత్రం బీచ్‌లో పనేంటి" అని మన దగ్గర కూడా అనేవాళ్లున్నారు. ఆ మాట మీ కొట్టు ముందు ఎవరు అన్నా సరే, అడ్డు చెప్పండి. ఆడపిల్లలు నిశ్చింతగా తిరిగినన్నాళ్లే ఈ బీచ్ బీచ్‌లా ఉండేది.

మా వరుసలో ఏడు కొట్లు ఉన్నాయి. ఆ జూన్ తరువాత అందరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. కొట్టు ముందు బల్బు రాత్రి పది దాకా ఆర్పకూడదు, రోజుకొక కొట్టు అందరికన్నా చివర కట్టేయాలి. ఆ రోజు వంతు ఉన్నవాళ్లు టార్చి పట్టుకుని మెట్ల దాకా వెళ్లి ఇసుకలో ఇంకా ఎవరైనా ఉన్నారేమో చూసి, ఆటో దొరికేదాకా నిలబడి, అప్పుడు ఇంటికి రావాలి. గురువారం వంతు మోసిన కొబ్బరిబోండాల అన్నయ్య మొన్న సంక్రాంతికి మందస వెళ్లిపోయాడు. ఆ కొట్టు ఖాళీగా ఉంది. మీరు తీసుకుంటే గురువారం మీది. టార్చి మా దగ్గరే ఉంది, సాయంత్రం వచ్చి పట్టుకెళ్లండి.