చేతిలో ఉన్న పనితోనే విద్యార్థులకు జాబ్ క్రాఫ్టింగ్ నేర్పడం

ఉద్యోగంలో ముఖ్య బాధ్యతకు లోటు రాకుండా చేసే పనుల్ని, కలిసే మనుషుల్ని, పనిని చూసే తీరుని తనకు తగ్గట్టు మలుచుకోవడమే జాబ్ క్రాఫ్టింగ్. అమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు 2001లో ఈ మూడు దారుల్నీ వివరించారు. ఊహల్లోని ఉద్యోగంతో దీన్ని నేర్పితే తరగతి దాటాక ఏమీ మిగలదు, ఎందుకంటే అక్కడ అడ్డు చెప్పే బాస్ ఉండడు, గడువూ ఉండదు. ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు, కాలేజీ క్లబ్బు, ఏది చేస్తుంటే దానితోనే మొదలుపెట్టించండి.

ముందు ఒక వారం పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో ఏ రోజుకారోజు రాయించాలి. వారం చివర గుర్తుచేసుకుని రాస్తే లెక్క తప్పే అవకాశం ఉంది. తర్వాత గంటన్నర క్లాసులో ఆ పనుల్ని కాగితం మీద డబ్బాలుగా గీయించండి: ఎక్కువ సమయం తీసుకునేదానికి పెద్ద డబ్బా, తక్కువదానికి చిన్నది. పక్కనే తమ బలాలు, ఇష్టాలు రాసి, ఏ డబ్బాకు ఏది కలుస్తుందో గీతలతో కలపాలి. ఒక్క గీతా తగలని పెద్ద డబ్బా దగ్గరే అసలు మార్పు కావాలి.

ఉదాహరణకు, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో టెస్టింగ్, అంటే లోపాలు వెతికే పని, వంతుగా వచ్చిన విద్యార్థికి వివరించి చెప్పడం ఇష్టమనుకుందాం. పదేపదే వచ్చే లోపాల మీద ఒక పేజీ గైడ్ రాయడం పనిలో మార్పు. వారానికోసారి పావుగంట వాడకందారు పక్కన కూర్చోవడం మనుషుల్లో మార్పు. తాను తప్పులు ఏరడం లేదు, వాడేవాళ్ల ఇబ్బంది తగ్గిస్తున్నాననుకోవడం చూపులో మార్పు. టెస్టింగ్ మాత్రం పూర్తిగా జరగాల్సిందే.

ఇలాంటి మార్పులతో పని ఎలా ఉండాలనుకుంటున్నారో చూపే రెండో డబ్బాల బొమ్మ గీయించాక అందులోంచి ఒక్క మార్పే ఎంచుకుని రెండు వారాలు చేయించండి. నాలుగైదు ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు, మొదటి గడువు రాగానే అన్నీ ఆగిపోతాయి.

ఎక్కువగా జరిగే పొరపాటు, నచ్చని పనిని పక్కవాళ్ల మీదకు నెట్టడం. అందుకే ‘ఈ మార్పు వల్ల ఎవరి పని పెరుగుతుంది?’ అని ప్రతి ఒక్కరినీ అడగండి. ఇతరుల సమయాన్ని, గడువుల్ని తాకే మార్పైతే ముందే ప్రాజెక్టు చూసే లెక్చరర్‌తోనో సూపర్‌వైజర్‌తోనో మాట్లాడాలి. ‘నాకు ఇది ఇష్టం’ అనడం చాలదు, ‘దీనివల్ల ఫలానా పని తొందరగా అవుతుంది, రెండు వారాలు చూద్దాం’ అనడం నేర్పండి. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: జీతం ఇవ్వకపోవడం, వేధింపు లాంటివి ఆలోచన మార్చుకుని సర్దుకుపోవాల్సిన విషయాలు కావు. వాటిమీద ఫిర్యాదు చేయాలి, లేదా బయటికి రావాలి.

రెండు వారాల తర్వాత ముందు ఎలా ఉండేది, ఏం మార్చారు, ఫలితం ఏమిటి అని మూడు వాక్యాలు రాయించండి. ఇంటర్వ్యూలో ‘మీరు చొరవ తీసుకున్న సందర్భం చెప్పండి’ అన్నప్పుడు ఆ మూడు వాక్యాలే జవాబు.