మన ఆకాశం – మూడో పాఠం: గొల్లకావిడి దొరికితే సగం పని అయినట్టే

పోయిన పాఠంలో పిడికిలితో ఆకాశాన్ని కొలవడం నేర్చుకున్నాం. చెయ్యి పూర్తిగా చాచి చూస్తే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలు 1 డిగ్రీ. మన కోనసీమలో ధ్రువనక్షత్రం ఉత్తరాన పిడికిలిన్నర ఎత్తులోనే ఉంటుంది. ఎదర కొబ్బరితోట ఉంటే అంతే సంగతులు. అది దొరకని వాళ్ళు దిగులు పడకండి. ఈసారి గొల్లకావిడి అనే మూడు చుక్కల కోసం తూర్పుకి తిరుగుతాం, పని చాలా తేలిక.

డిసెంబరు రెండో వారంలో రాత్రి ఎనిమిదింటికి ఏటిగట్టు ఎక్కండి. మన ఊళ్ళలో డాబా ఎక్కినా చుట్టూ కొబ్బరి మట్టలే కనబడతాయి. గోదావరి పాయకి పడమటి గట్టు అయితే నీళ్ళ మీదుగా తూర్పంతా తెరిచి ఉంటుంది. రొయ్యల చెరువుల లైట్లు వీపు వెనక ఉండేలా నిలబడండి. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలకి తక్కువ పట్టదు. మధ్యలో ఒక్క వాట్సాప్ మెసేజ్ చూశారంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఆకాశం చూపించే యాప్‌లు వద్దనను కానీ మొదటి నెల మాత్రం వాటి జోలికి పోకండి. యాప్ పేరు చెబుతుంది, పోలిక నేర్పదు.

తూర్పు దిక్కున సుమారు రెండున్నర పిడికిళ్ళ ఎత్తులో చూడండి. ఒకే కాంతితో మూడు చుక్కలు, ఒకే వరసలో, ఒకదాని కింద ఒకటి దాదాపు నిలువుగా ఉంటాయి. వరస కాస్త వాలి ఉంటుంది, ఏటివైపు ఒరిగిన కొబ్బరిచెట్టులాగ. చాచిన చేతి రెండు వేళ్ళు అడ్డం పెడితే మూడూ దాక్కుంటాయి.

మా అమ్మమ్మ వీటిని గొల్లకావిడి అనేది. పెరట్లో నులకమంచం మీద పడుకుని చూపుడువేలు గాల్లో కదుపుతూ, "మధ్యలోవాడు గొల్లాడు, అటో కుండ, ఇటో కుండ" అనేది. సంక్రాంతి రోజుల్లో ఆ కావిడి పడమటి కొబ్బరిచెట్ల తలల మీదకి దిగితే మూడు గంటలైందని లెక్క. లేచి పొయ్యి రాజేసేది. ఇంట్లో గోడగడియారం ఉండేది కానీ దాన్ని చూడడానికి లోపలికి వెళ్ళి దీపం వెయ్యాలిగా!

ఇప్పుడు ఆ వరసకి అటూ ఇటూ చూడండి. ఎడమవైపు, పిడికిలి దూరంలో ఎర్రగా మెరిసేది ఆర్ద్ర. కుడివైపు అంతే దూరంలో నీలితెలుపు చుక్క రైజెల్. 2019 చివర్లో ఆర్ద్ర కాంతి బాగా తగ్గిపోయి, 2020 మొదట్లో మామూలు కంటితో చూసేవాళ్ళకి కూడా తేడా తెలిసింది. ఆ నక్షత్రం వెళ్ళగక్కిన ధూళే దానికి అడ్డం వచ్చిందని తరవాత తేల్చారు.

ఆర్ద్ర విషయంలో నా పరువు పోయిన కథ ఒకటుంది. మొదటి చలికాలం ఒక ఎర్ర చుక్కని పట్టుకుని అదే ఆర్ద్ర అని మా బావమరిదికి అరగంట సేపు పాఠం చెప్పాను. అంతా విని, "బావా, అది సెల్ టవర్ దీపం" అన్నాడు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. అనుమానం వస్తే కొబ్బరిమట్ట కొసకి ఆనించి గుర్తుపెట్టుకుని, అరగంట ఆగి చూడాలి. నక్షత్రమైతే ముప్పావు పిడికిలి జరుగుతుంది. టవరు జరగదు.

కావిడి ఉదయించే చోటు కూడా గుర్తుపెట్టుకోండి. మూడింటిలో ముందుగా పైకి వచ్చేది దాదాపు కచ్చితంగా తూర్పున పుడుతుంది, పడమరలో అస్తమిస్తుంది. భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఉన్న చుక్క కాబట్టి ఏ ఊళ్ళో చూసినా అంతే. దిక్సూచి లేనివాడికి అదే దిక్సూచి.

ఈ చుక్కలు రోజుకి నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయి, అంటే నెలకి రెండు గంటలు. డిసెంబరు మధ్యలో పొద్దుగూకే వేళ పుట్టే కావిడి, భోగినాటికి రాత్రి పదింటికే దక్షిణాన, నెత్తికి కాస్త వారగా నిలబడి ఉంటుంది. మనకి ఇంకో వెసులుబాటు ఉంది. దేశం మొత్తానికి గడియారం పెట్టే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కనుంచే పోతుంది. అందుకని మన గడియారానికీ ఆకాశానికీ తేడా రెండు మూడు నిమిషాలే. ఇదే కావిడి ముంబైలో సుమారు నలభై నిమిషాలు ఆలస్యం.

కావిడిని తాడులా రెండువైపులా సాగదీయండి. కిందికి, కుడివైపుకి రెండు పిడికిళ్ళు సాగితే ఆకాశంలోకెల్లా కాంతిమంతమైన నక్షత్రం సిరియస్ వస్తుంది. మనవాళ్ళు దాన్ని మృగవ్యాధుడన్నారు. ఎనిమిదింటికి ఇంకా గట్టు అంచున ఉంటుంది, కనబడకపోతే తొమ్మిదింటిదాకా ఆగండి. పైకి రెండు పిడికిళ్ళు సాగితే నారింజ రంగు రోహిణి. ఇంకో పిడికిలిన్నర పోతే చిన్న చుక్కల గుంపు, కృత్తికలు. పల్లెల్లో పిల్లలకోడి అంటారు. ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణమనే గ్రంథంలో ఈ వరసకంతా కథ ఉంది: జింక రూపంలో రోహిణి వెంటపడిన ప్రజాపతిని వేటగాడు కొట్టాడు, కావిడి మూడు చుక్కలూ ఆ బాణం. ఆర్ద్రకీ రోహిణికీ మధ్య మసగ్గా కనబడే మూడు బుల్లి చుక్కలే జింక తల, మృగశిర.

ఆ పేరు వినగానే కార్తె గుర్తొస్తుంది కదా. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది, రైతు ఏరువాకకి సిద్ధమవుతాడు. కానీ ఆ రోజుల్లో ఎంత వెతికినా మృగశిర కనబడదు. సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరికి వచ్చాడనేదానికే కార్తె అని పేరు, ఆ వెలుగులో అది మునిగిపోతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. చంద్రమాసాల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. కార్తీక పౌర్ణమినాడు రేవులో దీపాలు వదిలాక పైకి చూస్తే చంద్రుడు కృత్తికల దగ్గరే ఉంటాడు. వెన్నెల ఎక్కువ కాబట్టి ఆ గుంపుని అరచేత్తో చంద్రుణ్ణి మూసి వెతుక్కోవాలి.

ఇంటిపని: అమావాస్యకి అటూ ఇటూ ఉన్న మూడు రాత్రులు గట్టెక్కి, కావిడి ఎన్ని గంటలకి ఎన్ని పిడికిళ్ళ ఎత్తులో ఉందో పుస్తకంలో రాయండి. కృత్తికల్లో ఎన్ని లెక్కపెట్టగలిగారో కూడా. ఆరు కనబడితే కళ్ళు బాగున్నట్టే, నాకు కళ్ళజోడుతో అయిదే. వచ్చే పాఠం అగస్త్య నక్షత్రం. అది దక్షిణాన రెండు పిడికిళ్ళకి మించి లేవదు కాబట్టి, వీలైనవాళ్ళు అంతర్వేది సముద్రం ఒడ్డుకి వెళ్ళే ఏర్పాటు చూసుకోండి. చలికోటు మర్చిపోకండి.