పెళ్లికి ముందు బొటాక్స్: తేదీ, సీసా, డాక్టరు

మాఘమాసంలో ఇంట్లో పెళ్లి పెట్టుకుని నుదుటి ముడతలకు బొటాక్స్ (కండరాలను సడలించే మందు) ఇంజెక్షన్ చేయించుకోవాలనుకుంటే ముందు క్యాలెండరు చూడండి. మందు మూడు నాలుగు రోజులకు పట్టడం మొదలై, రెండు వారాలకు పూర్తిగా పనిచేస్తుంది. కనురెప్ప వాలిందంటే సర్దుకోవడానికి వారాలు పడుతుంది, విరుగుడు సూది లేదు. మొదటిసారి అయితే ముహూర్తానికి కనీసం ఆరు వారాల ముందే చేయించుకోవాలి. ఫలితం మూడు నాలుగు నెలలు ఉంటుంది కాబట్టి నష్టమేమీ లేదు.

డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోండి. మాదాపూర్‌లో అద్దాల క్లినిక్ అయినా, కాలనీలో పార్లర్ అయినా సూది పట్టేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఎక్కువ మోసం సీసా దగ్గరే. బొటాక్స్ 100 యూనిట్ల సీసాలో 2.5 మి.లీ. సెలైన్ కలిపితే 0.1 మి.లీ.కి 4 యూనిట్లు వస్తాయి. కనుబొమల మధ్య ఐదు చోట్ల నాలుగేసి చొప్పున 20 యూనిట్లు ఇస్తారు. అదే సీసాలో 5 మి.లీ. పోస్తే సిరంజి నిండుగానే కనిపిస్తుంది, మందు సగమే. అందుకే ‘నుదుటికి ఇంత’ అనే ప్యాకేజీ కన్నా యూనిట్ల లెక్క నయం. బ్రాండు కూడా అడగాలి: ఇలాంటిదే మరో బ్రాండు డిస్‌పోర్ట్‌లో ఇదే చోటికి 50 యూనిట్లు, రెండింటి లెక్క ఒకటి కాదు. సీసా మీ ఎదుటే ఫ్రిజ్‌లోంచి (2–8 డిగ్రీలు) తీయాలి. కలిపిన మందు 24 గంటల్లో వాడేయాలని కంపెనీ సూచన. లేబుల్, బ్యాచ్ నంబరు ఫోటో తీసుకోండి. వద్దంటే లేచి వచ్చేయండి.

రెప్ప ఎందుకు వాలుతుంది? సూది కంటి పైఎముకకు మరీ దగ్గరగా పడితే మందు రెప్పనెత్తే కండరానికి పాకుతుంది. కనుబొమ పైన గుచ్చేటప్పుడు ఆ ఎముకకు కనీసం ఒక సెంటీమీటరు పైన గుచ్చాలి. రెప్పలు జారి, కనుబొమలు ఎత్తి చూసే అలవాటున్న పెద్దవాళ్లకు నుదుటికి ఎక్కువ డోసు ఇస్తే చూపుకే అడ్డం. నాలుగు గంటలు పడుకోవద్దు, రుద్దొద్దు; ఫేషియల్ ఆలోచనే వద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్థీనియా గ్రావిస్ (కండరాలు బలహీనపడే జబ్బు) ఉన్నవాళ్లు మానుకోవాలి. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు నడుస్తుంటే చెప్పాలి, ఇవి ప్రభావాన్ని పెంచుతాయి. ఆవుపాల ప్రొటీన్ పడనివాళ్లకు డిస్‌పోర్ట్ కుదరదు. గుండెకు వాడే ఆస్పిరిన్‌ను కమిలిపోతుందన్న భయంతో సొంతంగా ఆపకండి.

తలనొప్పి, చిన్న కమిలిక తగ్గిపోతాయి. మింగడం, మాట్లాడటం, ఊపిరి కష్టమైతే మాత్రం, అది వారాల తర్వాతైనా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిల్లర్ (చర్మం కింద నింపే జెల్) వేరే; దాని తర్వాత చర్మం పాలిపోయినా, చూపు తగ్గినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. దుష్ప్రభావాలను మందుల దుష్ప్రభావాల జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-3024కు తెలపవచ్చు. బ్యాచ్ నంబరు అక్కడ పనికొస్తుంది.