చిగుళ్ల సర్జరీ తర్వాత నొప్పి: నాకు పనిచేసింది ఇదీ

మలక్‌పేటలో ఉంటాను. మొదట కుడివైపు ఫ్లాప్ సర్జరీ (చిగుళ్లు తెరిచి లోపల శుభ్రం చేసి కుట్లు వేయడం) అయింది, మత్తు దిగాక చెంప బూరెలా పొంగి నొప్పి చెవి దాకా లాగింది. లవంగ నూనె రాస్తే భగ్గుమంది, ఉప్పునీళ్లు గట్టిగా పుక్కిలిస్తే మళ్లీ రక్తం.

ఎడమవైపు చేయించుకున్నప్పుడు మాత్రం మత్తు పూర్తిగా దిగకముందే చల్లటి పెరుగన్నం మెత్తగా పిసికి నాలుగు ముద్దలు తిని, డాక్టర్ రాసిన నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ వేసేసుకున్నా. అసలు తేడా ఇక్కడే వచ్చిందనుకుంటా. తర్వాత ఐసు ముక్కలు పలచటి తువ్వాల్లో చుట్టి చెంప బయట 15 నిమిషాలు పెట్టడం, 15 నిమిషాలు తీయడం, పడుకునేదాకా అదే పని. ఆ రోజు పుక్కిలించలేదు, ఉమ్మలేదు, తల కింద రెండు దిండ్లు. మర్నాటి నుంచి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మౌత్‌వాష్) 10 మి.లీ. పొద్దున, రాత్రి, నోట్లో పోసుకుని తల అటూఇటూ వంచి, నిమిషం తర్వాత సింకులోకి జారవిడవడమే. పళ్లు కాస్త గోధుమరంగుకి తిరిగాయి (చల్లార్చి తాగినా ఇరానీ చాయ్ మానలేదు మరి), క్లీనింగ్‌తో పోయింది.

మూడో రోజుకి మాత్ర అవసరం రాలేదు. రెండోసారి కోతే చిన్నదేమో, చెప్పలేను. అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఆ మాత్ర అడగకుండా వేసుకోవద్దు. నాలుగో రోజు నొప్పి పెరిగినా, జ్వరమొచ్చినా చిట్కాలు వదిలేసి డాక్టర్‌కి చూపించండి.