ఇసుక నీళ్లు తోడే పంపుకు గ్రీజు ఎలా పెట్టాలి?

కృష్ణా ఇసుక నీళ్లయినా, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో లాంటి బూడిద నీళ్లయినా స్లర్రీ పంపు పాడయ్యే తీరు ఒకటే. రేణువు గ్లాండ్‌లో (షాఫ్ట్ పంపులోంచి బయటికొచ్చే చోట నీళ్లు కారకుండా ఆపే భాగం) దూరి, షాఫ్ట్ మీద తొడిగిన స్లీవ్‌ను గీరుతుంది. ఆ గాడిలోంచి నీళ్లు చిమ్మి బేరింగ్‌ మీద పడతాయి. విజయవాడ ఆటోనగర్‌లో పంపులు విప్పినప్పుడు నేను చూసిన బేరింగుల్లో ఎక్కువభాగం గ్రీజు చాలక పోయినవి కావు, గ్రీజులో ఇసుక కలిసి పోయినవి.

1. పంపు స్టార్ట్ చేయకముందే గ్లాండ్ నీళ్లు, అంటే గ్లాండ్‌లోకి పంపే మంచినీళ్లు, వదలండి. వాటి ప్రెషర్ పంపు లోపలి ప్రెషర్ కన్నా అర బార్ నుంచి ఒక బార్ ఎక్కువ ఉండాలి, లేకపోతే బురదే బయటికొస్తుంది. ఆపేటప్పుడు ముందు లైనంతా మంచినీళ్లతో కడిగి, పంపు ఆపి, గ్లాండ్ నీళ్లు చివర్న కట్టేయండి.

2. గ్లాండ్ చుక్కలు చుక్కలుగా కారాలి. కారుతోంది కదా అని బిగించేస్తే లోపల షాఫ్ట్ చుట్టూ ఉండే తాడులాంటి ప్యాకింగ్ మాడిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

3. ఇక గ్రీజు. బేరింగ్‌కు గ్రీజు ఎక్కించే నిప్పల్‌ను, గ్రీజు గన్ మూతిని గుడ్డతో తుడవండి. తుడవకుండా కొట్టిన మొదటి దెబ్బకే నిప్పల్ మీది ఇసుక బేరింగ్‌లోకి పోతుంది. ఎంత పెట్టాలి? బేరింగ్ బయటి వ్యాసాన్ని, వెడల్పును మిల్లీమీటర్లలో గుణించి 0.005తో హెచ్చిస్తే గ్రాములు వస్తాయి. 6310 నంబరు బేరింగ్‌కు 110 × 27 × 0.005, అంటే సుమారు 15 గ్రాములు. మీ గన్‌ను కాగితం మీద పదిసార్లు నొక్కి తూకం వేస్తే ఒక్కో దెబ్బకు ఎంత వస్తుందో తెలుస్తుంది. ఎక్కువ పెడితే బేరింగ్ వేడెక్కుతుంది. లిథియం గ్రీజు వాడుతున్న చోట పాలీయూరియా గ్రీజు కలపొద్దు.

బేరింగ్ మూతల దగ్గర లాబిరింత్‌కు (ఇసుక లోపలికి రాకుండా ఆపే మెలికల సందు) విడిగా నిప్పల్ ఉంటే మాత్రం లెక్క వేరు: అంచులోంచి శుభ్రమైన గ్రీజు కనబడేదాకా కొట్టండి. ఇసుకకు అడ్డుగోడ అదే. బయటికొచ్చిన పాత గ్రీజును రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. గరగరలాడితే ఇసుక చేరింది, పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి.

4. రోహిణి కార్తెలో బేరింగ్ వేడి మీద కన్నేసి ఉంచండి. 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకు గ్రీజు గడువు సగానికి తగ్గుతుంది.

5. స్టాండ్‌బై పంపు షాఫ్ట్‌ను, కరెంటు తీసేసి, వారానికోసారి చేత్తో పావు చుట్టు తిప్పండి. షాఫ్ట్ మీద సుద్దగీత పెట్టుకుంటే పోయిన వారం ఎక్కడ ఆపారో కనబడుతుంది.