ఐసీఎఫ్ గోడల్లో కాంక్రీట్ పోసే ముందు

ఐసీఎఫ్ అంటే బోలు థర్మోకోల్ బ్లాకులు పేర్చి, లోపల కాంక్రీట్ పోసి గోడ కట్టే పద్ధతి. బ్లాకులు తేలిగ్గా ఉన్నాయని ధీమా వద్దు. లోపల పోసే పచ్చి కాంక్రీట్ ఘనపు మీటరుకు దాదాపు 2,400 కిలోలు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడే బ్లాకు పగులుతుంది.

• మూలల్లో, కిటికీల చుట్టూ ఉన్న సపోర్టులను ఒక్కొక్కటీ చేత్తో ఊపి చూడండి. హన్మకొండలో మా వంటగది కిటికీ కింద వేలు దూరేంత సందును వదిలేశాం. పోత మొదలైన కాసేపటికే సిమెంటు పాలు కారి, బ్లాకు ఉబ్బింది. పలక అడ్డుపెట్టి నలుగురం ఒత్తి పట్టుకుంటే గానీ ఆగలేదు. ఆ టెన్షన్ మీకొద్దు.

• గుండు వేసి నిలువు చూసుకోండి. గట్టిపడ్డాక సరిచేయలేరు.

• ఒకేసారి పైదాకా నింపొద్దని మేస్త్రీకి ముందే గట్టిగా చెప్పండి. 3, 4 అడుగుల చొప్పున, ఇంటి చుట్టూ తిరుగుతూ పోయాలి. సన్న కంకరే వాడాలి, కాంక్రీట్‌ను అదిలించి సర్దే వైబ్రేటర్ సూది కూడా సన్నదే ఉండాలి.

• పైపులు గోడ దాటేచోట స్లీవులు (పైపు దూర్చడానికి ముందే పెట్టే గొట్టాలు) పెట్టారా?

• పునాది దగ్గర చెదల మందు తప్పనిసరి. చెదలు థర్మోకోల్‌ను తినవు గానీ, అందులో బయటికి కనపడకుండా దారులు చేసుకుంటాయి.

• ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు కాంక్రీట్ త్వరగా బిగుస్తుంది. తెల్లవారగానే మొదలుపెట్టండి.

• బ్లాకుల దగ్గర బీడీ, వెల్డింగ్ వద్దు.